మామయ్య ఇంజనుకు నేను కొట్టిన చుక్కలు

నా చిన్నప్పుడు కొత్తగూడెంలో మా క్వార్టర్ వరండాలో రెండేళ్లపాటు ఒక కారు ఇంజను ఉంది. అది మా మామయ్యది. ఆయన గని వర్క్‌షాపులో ఫిట్టరు, మా ఇంట్లోనే ఉండేవాడు. ఎవరో వదిలేసిన పాత కారు కొన్నాడు. అది మామూలుగా నడిస్తే ఆయనకు చాలదు. పాల్వంచ దాటాక అడవి రోడ్డు మీద గాలిలా పోవాలి. అందుకని ఖమ్మంలోని లేత్ షాపులో సిలిండర్లు వెడల్పు చేయించి, కింది షాఫ్టును నున్నగా సానపట్టించి, పెద్ద పిస్టన్లు, రెండు కార్బురేటర్లు సంపాదించాడు. ఆదివారం చర్చి నుంచి రాగానే మంచి చొక్కా విప్పి ఇంజను ముందు కూర్చునేవాడు. అమ్మ విసుక్కుంటూనే అన్నం పళ్లెం అక్కడికే తెచ్చి ఇచ్చేది.

కిరసనాయిలులో భాగాలు కడిగే పని తొమ్మిదేళ్ల నాది. పిస్టన్ల కడ్డీలను కింది షాఫ్టుకు పట్టి ఉంచే క్యాపులు నాలుగుంటాయి. చూడటానికి ఒకేలా ఉన్నా దేని చోటు దానిదే. వరుస తప్పొద్దని మామయ్య మరీ మరీ చెప్పాడు. కడుగుతుంటే పక్కింటి అక్క ఆటకు పిలిచింది. తిరిగొచ్చేసరికి ఏది ఏదో తెలియలేదు. తోచినట్టు పేర్చి ఊరుకున్నాను.

అన్నీ బిగించాక షాఫ్టు తిరగలేదు. మామయ్య మూడు రోజులు విప్పుతూ బిగిస్తూ సరిగా తినలేదు. నాలుగో రోజు షాఫ్టును గోనెసంచిలో చుట్టి ఖమ్మం బస్సుకు బయలుదేరాడు.

“లేత్ షాపు పెద్దాయన ఖరాబు చేసిండక్కా. ఇయ్యాల గట్టిగ అడిగే వస్త” అన్నాడు అమ్మతో.

ఆ పెద్దాయన నాకు తెలుసు. మామయ్యతో ఆ షాపుకు వెళ్లిన రోజు తన స్టూలు నాకిచ్చి, తాను నిలబడి పనిచేశాడు. నేను గేటు దాకా పరుగెత్తాను.

“మామా, ఆయన చెయ్యలే. క్యాపులు నేనే కలిపేసిన.”

మామయ్య సంచి దించాడు.

“గుర్తు పెట్టకుండ నీ చేతికిచ్చిన. అది నా తప్పే” అన్నాడు. “నువ్వు చెప్పకుంటే ముసలాయనను ఉత్తగ తిట్టి వస్తుంటిని.”

ఆ సాయంత్రం ఒక్కో క్యాపును బిగించి, కొలిచి, దాని చోటు తేల్చాడు. ఆపైన ఇనుము మీద గుర్తులు కొట్టే మొనదేలిన పంచ్‌ను, సుత్తిని నా చేతిలో పెట్టి, మొదటిదానికి ఒక చుక్క, రెండోదానికి రెండు, అట్లా కొట్టుకుంటూ పొమ్మన్నాడు.

“మళ్ల నాకే ఎందుకు మామా?”

“ఇప్పుడు నీ అంత పైలంగ ఎవరు చేస్తరు?”

చుక్కలు కొట్టించి, కడగడానికీ నాకే ఇచ్చాడు. ఈసారి ఎవరు పిలిచినా లేవలేదు.

వానలకు ముందే ఇంజను కారులోకి ఎక్కింది. ముందు సీట్లో నేను. వెనక అమ్మ కళ్లు మూసుకుని ప్రార్థన. టేకు చెట్లు సర్రున వెనక్కి పోతుంటే మామయ్య నవ్వుతూనే ఉన్నాడు.

పెద్దయ్యాక ముదిగొండ బడిలో సైన్సు చెప్పాను. గాజు నాళిక పగలగొట్టిన పిల్ల భయంతో వెనక బెంచీకి పోతే, మర్నాడు పేరు పెట్టి పిలిచి, కొత్త నాళిక ఆ పిల్ల చేతికే ఇచ్చేదాన్ని.