గంగులయ్య మూతచెంబులు

గంగులయ్యది గొర్రెలు మేపిన కుటుంబం. ఊరు గండికోట జలాశయం నీళ్లలో మునిగాక జమ్మలమడుగులో ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఇంటికి ఎవరొచ్చినా ముందు కళ్లు పడేది ముందుగదిలోని అద్దాల బీరువా మీదే. దాని నిండా జర్మనీ చెంబులు. ఆ దేశంలో వెనకటికి బీరు తాగడానికి చేసుకున్న పింగాణీ పాత్రలవి. పక్కన పెద్ద పిడి, పైన తగరపు మూత. బొటనవేలితో మీట నొక్కితే మూత లేస్తుంది.

అతను కువైట్‌లో డ్రైవరుగా ఉన్న రోజుల్లో ఒక జర్మనీ ఇంజనీరు కుటుంబం ఇల్లు ఖాళీ చేస్తూ అలాంటి చెంబొకటి చెత్తడబ్బా పక్కన పెట్టిపోయింది. తుడిచి చూస్తే దాని మీద ఉబ్బెత్తుగా ఒక గొర్రెల కాపరి. భుజాన దుప్పటి, చేతిలో కట్టె, కాళ్ల దగ్గర కుక్క. అచ్చం నాయన నిలబడినట్టే అనిపించింది గంగులయ్యకు. అప్పుడు పట్టుకున్న పిచ్చి మరి వదల్లేదు. పాతసామాన్ల సంతల్లో వెతికి, సెలవుకు వచ్చినప్పుడల్లా చొక్కాల్లో చుట్టి ఇంకొకటి తెచ్చేవాడు.

అతనికి తాగుడు అలవాటు లేదు. భార్య చిన్నసుబ్బమ్మ తండ్రి ఆ తాగుడుతోనే పోయాడు. అందుకే మొదటి చెంబును చూసిన రోజే ఆమె తేల్చి చెప్పింది.

"ఇవి నా ఇంట్లో ఉండాలంటే వీట్లో చుక్క పడగూడదు."

"నీళ్లు గూడా పొయ్యను" అని మాటిచ్చాడు.

ఆ మాటకు ఎసరు పెట్టింది ఆమె తమ్ముడు పవన్. గంగులయ్య కూతురు ప్రసూన నిశ్చితార్థం నాడు, అందరూ భోజనాల దగ్గర ఉండగా, స్నేహితులతో కలిసి బీరువా తెరిచి కాపరి చెంబులో బీరు పోశాడు. ఫోటో కోసం ఎత్తి పట్టుకోబోయి జారవిడిచాడు. చెంబు సోఫా మీద పడి బతికింది. మూత మాత్రం, దాన్ని పిడికి పట్టి ఉంచే బందు విరిగి, నేల మీద దొర్లింది.

"ఇంకోటి కొనిస్తాలే బావా" అన్నాడు పవన్.

"యాడ కొంటావురా?" గంగులయ్య వంగి మూతను ఏరుకున్నాడు.

చిన్నసుబ్బమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. "పారెయ్యి దాన్ని. ఇంగ ఎప్పుడు చూసినా మా నాయన వాసనే వస్తాది నాకు."

"పారెయ్యను. కడుగుతా. బాగు చేపిస్తా."

జమ్మలమడుగు వెల్డింగ్ షాపులో, మంట తగిలితే ఇది మైనంలా కారిపోతుందన్నారు. ప్రొద్దుటూరు కంసాలి దాన్ని తాకను కూడా లేదు. "తగరమప్పా ఇది. బంగారంలో రవ్వంత కలిసినా నా పని చెడిపోతాది, ఆపక్క పెట్టు" అన్నాడు. పులివెందులలో ఇత్తడి గిన్నెలకు తగరం కళాయి పూసే గఫూర్ ఉన్నాడని చెప్పి పంపించిందీ అతనే.

గఫూర్ ముసలివాడు. "స్టీలు గిన్నెలొచ్చినాక కళాయి ఎవురిక్కావాల? కొలిమి ఆర్పి శానా ఏండ్లాయె" అన్నాడు.

"మళ్లా ముట్టించు గఫూర్ బాయ్. తిత్తి నేను కొడతా."

కొలిమి అంటుకుంది గానీ, బందు అతకబోతే మూత అంచు కొంత కరిగిపోయింది. గఫూర్ పట్టకారు కింద పెట్టేశాడు. "కన్ను ఆనడంలేదప్పా. ఈ పాపం నాకొద్దు."

"అట్లైతే నువ్వు చెప్పు. నేను చేస్తా."

చెప్పినంత తేలిక కాలేదు. గంగులయ్య వారం వారం బస్సెక్కి పులివెందుల పోయాడు. పనికిరాని తగరం ముక్కల మీద చేయి తిప్పుకున్నాడు. వేళ్లు బొబ్బలెక్కాయి. "ఈ వయసులో నీకిదేం చదువు నాయనా?" అని ప్రసూన నవ్వింది. ఎండాకాలం అలాగే గడిచింది. వానలు మొదలయ్యాక ఒకరోజు బందు నిలిచింది.

చెంబు తెచ్చి భార్య ముందు పెట్టాడు. చిన్నసుబ్బమ్మ మీట నొక్కింది. మూత సగం లేచి ఆగింది. వేలితో పైకి నెట్టి, లోపల వాసన చూసింది.

"మూత వంకరగా ఉండాది."

"ఉండనీ."

ఆమె చెంబును బీరువాలో తనే పెట్టి, తాళం వేసి, తాళంచెవి నడుముకు దోపుకుంది.

ఇప్పుడు గంగులయ్య మూతలు ఊడిన చెంబులనే వెతికి తెప్పించుకుంటున్నాడు. ఈమధ్య బెంగుళూరు నుంచి వేటకుక్కల బొమ్మున్నది ఒకటి వచ్చింది. దానికి మూత పోతపోసి, మళ్లీ కరిగించి, మళ్లీ పోస్తున్నాడు. బందు ఇంకా కుదరలేదు.