మళ్లీ ఏ పరీక్ష రాయాలి

నా చిన్నప్పుడు అంటే పలక పట్టుకుని తిరిగిన వయసు కాదు, ఇంటర్ అయిపోయి పదిహేడు నిండిన ఏడాది. అయినా ఆ వేసవిని తలచుకుంటే నాకు నేను చిన్నపిల్లగానే కనిపిస్తాను, ఒక్కచోట కుదురుగా కూర్చోలేని పిల్లగా.

మాది మిర్యాలగూడ. మా నాన్న నేరేడుచర్లలో ఒక రైస్ మిల్లులో సూపర్‌వైజర్. తన బిడ్డ ఇంజనీరు కాబోతోందని మిల్లులో అందరికీ చెప్పుకున్నారు. ఫలితాలు వచ్చాక చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఎంసెట్‌లో ర్యాంకు ఎక్కడో దూరాన ఆగింది. ఐఐటీ పరీక్షలో మొదటి దశే దాటలేదు. ఇంటర్ మార్కులు చూసి సీటిచ్చే పెద్ద విద్యాసంస్థ ఒకటి ఉండేది, దానికేమో నా కెమిస్ట్రీ మార్కులు చాలలేదు. ఒక్కటే ఊరట, మూడూ మళ్లీ రాయొచ్చు. ఎంసెట్, ఐఐటీ మరుసటి ఏడు రాసుకోవచ్చు, ఇంటర్‌కు ఇంప్రూవ్‌మెంట్ ఉంది.

ఆ ఊరటే నన్ను నిలవనీయలేదు. పొద్దున లెక్కల పుస్తకం తీస్తే కెమిస్ట్రీ గుర్తొచ్చేది. కెమిస్ట్రీ తీస్తే ఐఐటీ గైడు పిలిచేది. "మూడూ రాయి బిడ్డా, ఏదో ఒకటి తగలకపోతదా" అనేవారు నాన్న. కోదాడలో పేరున్న లెక్చరర్ ఒకాయన దగ్గరికి వెళ్తే, "ఐఐటీ ఒక్కటే పట్టుకో అమ్మాయ్, మిగతావన్నీ వాటంతటవే వచ్చేస్తాయి" అన్నారు. ఎవరి మాట వింటే అదే నిజమనిపించేది. బస్సు దిగేలోపు ఆ నమ్మకం కూడా పోయేది.

మా చిన్నమ్మ సూర్యాపేట సర్కారు దవాఖానలో నర్సు. ఒకసారి మా ఇంటికొచ్చి, అన్నం కంచం పక్కన రెండు పుస్తకాలు తెరిచి పెట్టుకున్న నన్ను చూసింది. "నాల్గు రోజులు నా దగ్గరుంటది అక్కా" అని అమ్మతో చెప్పి, నన్ను వెంటబెట్టుకుని పోయింది.

మర్నాడు పొద్దున్నే నా ఎంసెట్ గైడులోంచి ఎప్పటిదో పాత పేపరు తీసింది. జవాబుల పేజీలు చింపి తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. తర్వాత నా చేతి గడియారం అడిగి తీసుకుంది. గోడ గడియారాన్ని కూడా దించి బీరువాలో పెట్టి తాళం వేసింది.

"నేను డ్యూటీ నుంచి వచ్చేదాంక ఈ పొద్దంత నీదే. ఆకలైతే తిను, లేవాలనిపిస్తే లే, మళ్ల కూసొని రాయి" అంది.

మొదట్లో ప్రాణం నిలవలేదు. మాటిమాటికీ గోడ మీది ఖాళీ మేకు వైపే చూశాను. ఎంతసేపయిందో తెలియక గుండె దడదడలాడింది. ఎప్పుడు మరిచిపోయానో తెలియదు కానీ, తలెత్తేసరికి వాకిట్లో నీడ అటు నుంచి ఇటు తిరిగింది, పేపరు అయిపోయింది. సాయంత్రం చిన్నమ్మ జవాబులు సరిచూస్తుంటే నమ్మలేకపోయాను. దాదాపు అన్నీ ఒప్పే.

రెండోనాడు అలాగే ఐఐటీ పేపరు ఇచ్చింది. ఆ రోజు కూడా పొద్దుగూకేదాకా కూర్చున్నాను. కాగితాలు నిండాయి కానీ లెక్కలు తేలలేదు. మూడోనాడు ఇంటర్ కెమిస్ట్రీ. ఇంటర్ పరీక్షలో ఏం రాశానో ఇంచుమించు అదే రాశాను. ఆ నాలుగు మార్కుల కోసం మళ్లీ ఏడాదంతా అవే పాఠాలా అని నాకే నవ్వొచ్చింది. ఇంప్రూవ్‌మెంట్ సంగతి అక్కడితో ఖతం.

చాయ్ తాగుతూ చిన్నమ్మ చెప్పింది. "ఎంసెట్ నీకొస్తది. ఆనాడు భయం రాసింది బిడ్డా, నువ్వు రాయలే. అది మళ్ల రాయి. ఇగ ఐఐటీ అంటవా, పొద్దంత ఇచ్చినా రాలే. రాకపోతే తప్పేం లేదు, నేర్సుకుంటే వస్తది. నేర్సుకోవాలని నీకున్నదా?"

నాకు రోషం వచ్చింది. "పెద్దనాన్న కొడుక్కి ఐఐటీ సీటొచ్చింది గదా!" అనేశాను.

చిన్నమ్మ ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది.

చెప్పులేసుకుని బస్టాండుకు నడిచాను. కోదాడ పోయి ఆ లెక్చరర్ దగ్గర చేరిపోదామనుకున్నాను. బస్సెక్కాను కానీ డ్రైవరింకా రాలేదు. కిటికీ పక్కన కూర్చుని లెక్చరర్‌కు ఏం చెప్పాలో కూర్చుకోసాగాను. నిన్నటి ఐఐటీ పేపరులో తేల్చి తీరాలనిపించిన లెక్క ఒక్కటి గుర్తు తెచ్చుకుందామని చూశాను. ఒక్కటీ రాలేదు. గుర్తొచ్చిందల్లా సీటొచ్చిననాడు మా పెద్దనాన్న ఇంట్లో పంచిన మిఠాయిలు. డ్రైవరొచ్చి ఇంజను స్టార్ట్ చేశాడు. నేను దిగిపోయాను.

నన్ను తీసుకుపోవడానికి నాన్న వచ్చినప్పుడు ఎంసెట్ ఒక్కటే రాస్తానని నేనే చెప్పాను. ఆయన మొహం చిన్నబోయింది. "ఒక్కటే రాసి, అది సుత పోతే?" అన్నారు.

"పోతే పోతది బావా," అంది చిన్నమ్మ. "మూడు రాస్తే మూడు పోలేదా?"

నాన్న చివరికి, "మంచిది, నడువు బిడ్డా" అని నా సంచి అందుకున్నారు.

ఆ ఏడాది తేలికగా గడిచిందని చెప్పను. పరీక్ష హాల్లో మళ్లీ అదే దడ. పెన్ను పక్కన పెట్టి, అది తగ్గాకే పేపరు తిప్పాను. హైదరాబాదులో యూనివర్సిటీ కాలేజీలోనే ఎలక్ట్రికల్ సీటొచ్చింది. నాన్న మళ్లీ మిల్లులో అందరికీ చెప్పుకున్నారు.

మొన్న సూర్యాపేట నుంచి మా చెల్లెలి కూతురు ఫోన్ చేసింది. జనవరిలో జేఈఈ రాసింది, అనుకున్నంత రాలేదు. "పెద్దమ్మా, ఏప్రిల్‌ల మళ్ల రాయాల్నా, ఎంసెట్ మీదనే కూసోవాల్నా? ఇంకో రెండు యూనివర్సిటీల టెస్టులు సుత ఉన్నయ్" అని ఊపిరి తీసుకోకుండా అడిగింది. ఏది రాయాలో నేను చెప్పలేదు. జనవరిలో పోయిన మార్కులు లెక్క రాక పోయాయా, వచ్చి కూడా గాబరాలో పోయాయా అని అడిగాను. ఫోన్లో కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. తర్వాత, "సూసి చెప్త పెద్దమ్మా" అంది.

ఐఐటీ మళ్లీ రాసి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు, ఇక తెలిసేదీ లేదు. ఇంత వయసొచ్చినా ఏ పని ముందున్నా ఆ గాబరా లోపల కదులుతూనే ఉంటుంది, అన్నీ చెయ్యి, ఇప్పుడే చెయ్యి అని తరుముతూనే ఉంటుంది. అది చెప్పేది వింటాను. చెప్పినట్టు మాత్రం నడవను.