మేం లేబర్ కాదని అరిచాను

కరోనా వల్ల కాలేజీలు మూతపడి, మనవరాలు కవితకు చరిత్ర ఎమ్మే సీటు ఇంటర్వ్యూ ఈ రోజు మేం బతకడానికి వలసొచ్చిన డిండోలిలో, మా ఇంట్లోనే, ఫోన్‌లో వీడియో పెట్టి జరిగింది. నేను పొయ్యి దగ్గర భయంభయంగా వింటున్నాను. పాతకాలపు రాజులా, మొగలాయిలా, తెల్లవాళ్ల కాలమా, ఏం చదువుతావని ఒక సారు హిందీలో అడిగాడు. పిల్ల "లేబర్" అంది. కూలివాళ్లమంటే సీటెవరిస్తారు? పరుగున వెళ్లి ఫోన్ ముందు నిలబడ్డాను.

"మేం లేబర్ గాదు సారూ! మాకు సొంత సాంచాలున్నయి!"

"ఎన్ని మగ్గాలు, మాతాజీ?" అన్నాడు సారు.

"నాలుగు" అనేశాను.

ఫోన్ పెట్టేశాక కవిత ఏడ్చింది.

"ఏంది బాపమ్మా గిట్ల జేసినవ్! లేబర్ల చరిత్ర చదువుత అన్న. తాత నలభై ఏండ్లు పరాయోళ్ల సాంచాలు నడిపిండు, గందుకే గీ చదువని అర్జీల రాసిన. ఇప్పుడు నేను అబద్ధాలదాన్నైన!"

సీటు వచ్చిందో లేదో ఎల్లుండి తెలుస్తుందట. ఆ సారుకు ఫోన్ చేసి నిజం చెప్పనా, ఇంకా చెడగొడతానా? మీరే చెప్పండి. నోరు మూసుకుని కూర్చోమని మాత్రం చెప్పకండి, అది నాకు చేతకాదు.