తల్లి ముందు పెట్టిన గోలీలు

మా అక్క మనవరాలికి పుట్టుకతోనే కన్నతల్లి నుంచి హెచ్‌ఐవీ సోకింది. తల్లీ తండ్రీ ఇద్దరూ పోయాక పిల్లను మా అక్కే పెంచుతోంది. సంతోష్‌నగర్ వెనక గల్లీలో బర్రెలు, పాల వ్యాపారం. రోగం పేరు బయటపడితే ఒక్క చెంబు పాలు కూడా అమ్ముడుపోవని ఆమె భయం. అందుకని అడిగినవాళ్ళందరికీ "రక్తం తక్కువ" అని చెప్పేది. పిల్లకూ అదే చెప్పింది.

ఆసుపత్రిలో మందులు మొదలుపెట్టాక పిల్ల కోలుకుంది. మెడ కింద గడ్డలు కరిగాయి, బుగ్గలు వచ్చాయి, ఆయాసం లేకుండా బడి మెట్లు ఎక్కింది. ఒంట్లో రోగాన్ని ఎదిరించే కణాల లెక్కను సీడీఫోర్ అంటారు. అది బాగా పెరిగిందని డాక్టరమ్మ చెప్పింది. మా అక్క చేతులు జోడించింది, డాక్టరమ్మకు కాదు, పైకప్పు వైపు చూసి.

మందులు మొదలైన రోజుల్లోనే అమ్మవారికి మొక్కుకుందట. ఆ ఆషాఢంలో బోనం ఎత్తి మొక్కు తీర్చుకుంది.

చలికాలంలో పిల్ల మా ఇంటికి వచ్చినప్పుడు అన్నం ముద్ద మింగలేకపోయింది. నోరు తెరిపిస్తే నాలుక నిండా తెల్లటి పూత. గోలీలు వేసుకుంటున్నావా అని అడిగాను.

"మొక్కు తీరింది గద తాతా. ఇంకా గోలీలేసుకుంటె తల్లి మీద నమ్మకం లేనట్టేనట. నాయినమ్మ చెప్పింది."

అప్పటికప్పుడే ఆటో ఎక్కి పోయాను. దేవుడి గూట్లో అమ్మవారి పటం ముందు మందు డబ్బాలు వరుసగా ఉన్నాయి. ఒక్కదానికీ సీలు తీయలేదు. అన్నిటికీ పసుపు పూసి కుంకుమ పెట్టింది. తీసుకోకపోతే ఆసుపత్రివాళ్ళు ఇంటికొచ్చి లొల్లి చేస్తారని నెలనెలా పోయి తెస్తూనే ఉంది.

"అక్కా, నయం చేసింది నీ తల్లే అయితే, గోలీలు మొదలుపెట్టకముందు ఏం జేసిందే?"

"అప్పుడు నేను మొక్కలే గదరా! నీ ముచ్చట్లు మీటింగుల చెప్పుకో తమ్మీ, నా ఇంట్ల కాదు."

లెక్క పడిపోయిందని, పాత మందు ఇక పనిచేయకపోవచ్చని ఆసుపత్రిలో చెప్పారు. మందు మార్చారు. ఇది కూడా మానేస్తే మార్చడానికి పెద్దగా ఏమీ మిగలదన్నారు. కొత్త డబ్బాలు కూడా గూట్లోకే పోతాయని నాకు తెలుసు. పిల్లను నా దగ్గర ఉంచుకుంటానంటే అక్క ఒప్పుకోలేదు.

చివరికి మా అక్క నమ్మే శివసత్తి దగ్గరికి పోయాను. మంగళవారాలు ఆమెకు పూనకం వస్తుంది, తల్లి ఆమె నోట పలుకుతుందని గల్లీ నమ్మకం. ఆ పూనకం బూటకమని అదే గల్లీలో మైకు పట్టుకొని చెప్పినవాణ్ణి నేను. నన్ను చూసి నవ్వింది.

"ఇన్నేండ్లు నన్ను దొంగదన్నవ్. ఇయ్యాల నా నోరు కావాల్సొచ్చిందా అన్నా?"

"కావాలి," అని సంగతి చెప్పాను.

"గోలీలు పొద్దుగాలనా, రాత్రా? సక్కగ చెప్పు. తల్లి తప్పు పలికితే మళ్ళ నువ్వే పేపర్ల రాస్తవ్."

మంగళవారం తల్లి పలికింది. "ఆ మందు నా ప్రసాదమే. పిల్ల నోట్లె పడని రోజు నాకు ఉపాసమే." మా అక్క నేల మీద పడి మొక్కింది.

ఇప్పుడు గోలీ తప్పడం లేదు. సీడీఫోర్ మెల్లగా పెరుగుతోంది. మా అక్క రోగం పేరు దాచి, మహిమ మాత్రం ఇల్లిల్లూ తిరిగి చెబుతోంది. ఇన్నేళ్ళలో సాక్ష్యంతో సహా బూటకమని నిరూపించగల మహిమ నాకు ఇదొక్కటే దొరికింది. దీని గురించే నేను గల్లీలో నోరు మెదపకూడదు. మా అక్కకు చదువు రాదు కాబట్టి, గల్లీ పేరు మార్చి ఇక్కడ రాస్తున్నాను.

మొన్న పిల్ల గోలీ అరచేతిలో పెట్టుకొని అడిగింది.

"తాతా, నువ్వు దేవుణ్ణి నమ్మవు గద. మరి తల్లికి గోలీల సంగతి ఎట్ల తెలిసింది?"

నీళ్ళ గ్లాసు అందించాను.

"ముందు మింగు," అన్నాను.