తెగిన చెవికి ముహూర్తం

మా అత్తగారి పెద్దకర్మ రోజున మా వదిన నా కుడిచెవి జుంకా పట్టుకుని గుంజింది. వదినంటే నా భర్తకు అక్క. మంచాన పడ్డ అత్తగారికి స్నానం చేయించి, తల దువ్వి, అన్నం కలిపి తినిపించింది నేను. పోయేముందు ఆవిడ తన జుంకాలు తీయించి స్వయంగా నా చేతిలో పెట్టింది. ఆ సంగతి ఎంత చెప్పినా వదిన నమ్మలేదు. నేను వరండాలో భోజనాలు వడ్డిస్తుంటే వెనకనుంచి వచ్చి, "మా అమ్మ సొమ్ము నీ చెవులకేందే" అంటూ ఒక్క గుంజు గుంజింది. జుంకా ఆమె చేతికీ దక్కలేదు, నేలమీద పడింది. చెవి తమ్మె కిందిదాకా చీలిపోయింది. నేను పట్టుకున్న పప్పు గిన్నెలో నా నెత్తురు పడింది.

"పెద్దాసుపత్రికి పోతే ఎట్టా తెగిందని అడుగుతారు, కేసవుద్ది," అన్నది నా భర్తే. ఊళ్ళో సూదులేసే ఆర్‌ఎంపీని పిలిపించారు. అతను మందు పూసి కట్టు కట్టాడు. అది చీము పట్టి, ఎండి, చివరకు తమ్మె రెండు ముక్కలుగానే మానింది. "చిన్న చీలికేగా, జుట్టు కప్పుకో," అన్నాడు నా భర్త. జుట్టు కప్పుకున్నాను. మరిచిపోలేదు మాత్రం.

ఏడాది తిరిగాక, మిరపకాయల కాలంలో, వదిన కూతురికి మాచర్ల సంబంధం కుదిరింది. పెళ్ళి శ్రావణంలో పెట్టుకున్నారు. అప్పుడు అందరికీ నా చెవి గుర్తొచ్చింది.

"ఏమే, నరసరావుపేటకు ప్లాస్టిక్ సర్జరీ డాక్టరు వారానికోసారి వస్తాడంట. చూపిచ్చుకుందాం పా," అన్నాడు నా భర్త.

ఎన్నడూ లేని ఈ శ్రద్ధ ఎందుకో అడక్కుండానే తెలిసింది. మగపెళ్ళివారి ముందు వాళ్ళక్క పరువు నిలబడాలి.

డాక్టరు చెవి పట్టుకుని చూసి, "మత్తు సూది ఇచ్చి కుట్టేస్తాం, పెద్ద పనేం కాదు. కమ్మ పెట్టుకోడానికి మళ్ళీ చెవి కుట్టించుకోవాలంటే మాత్రం మూడు నెలలు ఆగాలి. ఇంట్లో శుభకార్యం ఏదైనా ఉంటే దాన్నిబట్టి చూసుకోండి," అన్నాడు.

"శ్రావణంలో పెళ్ళుంది," అన్నాడు నా భర్త.

"ఇప్పుడు చేయించుకుంటే అప్పటికి సరిపోతుంది."

"పెళ్ళయిన తరువాతి వారం చేయండి," అన్నాను నేను.

బయటికొచ్చాక నా భర్త, "అదేందే, ముందే చేపిచ్చుకుంటే అయిపోద్దిగా," అన్నాడు.

"తెగింది నా చెవి. ఎప్పుడు కుట్టిచ్చుకోవాలో నాకు తెలుసు."

ఆ తరువాత బంధువులు ఒకరి వెంట ఒకరు ఫోన్లు చేశారు. పిల్ల పెళ్ళి చూసైనా మనసు మార్చుకోమన్నారు. అందరికీ సరేనన్నాను, ఆసుపత్రి వైపు మాత్రం పోలేదు. కల్లంలో మిరపకాయలకు తొడిమెలు తీస్తూ, ఎవరన్నా అడిగితే ఏం చెప్పాలో మనసులో కూర్చుకునేదాన్ని. మొదట్లో చానా పొడుగ్గా వచ్చేది. తిట్లన్నీ తీసేశాక రెండు మూడు మాటలు మిగిలాయి.

పెళ్ళినాడు జుట్టంతా పైకి దువ్వి కొప్పు వేసుకున్నాను. ఎడమచెవికి జుంకా పెట్టుకుని, కుడిచెవిని బోసిగా, చీలిక కనబడేలా వదిలేశాను. అద్దంలో చూసుకుని తృప్తిపడ్డాను. మేనమామ భార్యను కాబట్టి పెళ్ళిపీటల దగ్గర నా చోటు ఎవరూ కాదనలేరు. పెళ్ళికూతురిని బుట్టలో తెచ్చేటప్పుడు నా భర్త పక్కనే నడిచాను. వీడియో తీసేవాడు ఎటు నిలబడితే అటు నా కుడిచెంప తిప్పాను.

పెళ్ళికొడుకు తల్లి చూడనే చూసింది. "ఏంది అమ్మాయ్, చెవి అట్టా అయింది?"

"మా వదిన గుంజిందండీ. మా అత్తగారు నాకిచ్చిన జుంకాల కోసం, ఆవిడ పెద్దకర్మ రోజునే."

గొంతు పెంచలేదు. పక్కనే గంధం గిన్నె పట్టుకుని ఉన్న వదిన ముఖం పాలిపోయింది. వియ్యపురాలు ఆమెను పైనుంచి కిందిదాకా చూసి, తన కమ్మమీద చెయ్యి వేసుకుంది. నేను భోజనాల దగ్గరికి వెళ్ళేసరికే ఆ మాట అక్కడికి చేరిపోయింది. ఆడవాళ్ళు నా చెవి చూసి, వదిన ఎక్కడుందా అని వెతుక్కుంటున్నారు. నేను కడుపునిండా తిన్నాను.

చేతులు కడుక్కునే చోట వదిన నన్ను పట్టుకుంది. "నీ కసి తీరిందా?"

"ఇంకా లేదు వదినా. ఆల్బమ్ రానీ."

చెప్పినట్టే తరువాతి వారం ఆపరేషన్‌కు వెళ్ళాను. మా ఇద్దరినీ కలపాలని నా భర్త వాళ్ళక్కను కూడా రమ్మన్నాడు. బత్తాయిల సంచి ఒళ్ళో పెట్టుకుని ఆమె తలుపు దగ్గర కుర్చీలో కూర్చుంది. నర్సు వచ్చి, "చెవి ఎలా తెగిందమ్మా?" అని అడిగింది.

"ఆమెను అడగండి," అన్నాను.

వదిన తమ్ముడి వంక చూసింది. అతను కిటికీ వైపు తిరిగాడు.

"నేనే గుంజాను," అంది చివరికి.

నర్సుకు వినపడలేదు. "కొంచెం గట్టిగా చెప్పండమ్మా."

వదిన మళ్ళీ చెప్పింది. ఈసారి బెంచీల మీద కూర్చున్నవాళ్ళంతా తిరిగి చూశారు. నాకు జాలి కలుగుతుందేమో అనుకున్నాను. కలగలేదు. చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి ఎడమవైపుకు తిరిగి పడుకున్నాను. సూది గుచ్చేటప్పుడు కాస్త నొప్పిగా ఉంటుందన్నాడు డాక్టరు. పర్వాలేదు, కానివ్వండి అన్నాను.