చేపనూనె సుధామణి

సుధామణి పుట్టింది నాగాయలంక దాటాక, కృష్ణ సముద్రంలో కలిసేచోటికి దగ్గర్లో చేపలు పట్టే పల్లెకారుల ఊళ్ళో. పందొమ్మిదో ఏట ఆమెను పామర్రులో ఐసు లారీ తోలే గంగాధర్‌కిచ్చి పెళ్ళి చేశారు. అతను తాగితే కొట్టేవాడు. తాగనిరోజు తాగడానికి లేదన్న కోపంతో కొట్టేవాడు. ఓ ఆదివారం కవళ్ళ చేపల పులుసులో ఉప్పు ఎక్కువైందని పొయ్యి మీది దాక ఎత్తి ఆమె మీదికి విసిరాడు. ఉడుకుతున్న పులుసు మెడ మీదా భుజం మీదా పడి చర్మం ఊడొచ్చింది. సుధామణి అరుస్తూనే పొయ్యిలోని కట్టె లాగి అతని మొహం మీద కొట్టింది. కళ్ళు మూసుకుని నేల మీద దొర్లుతున్న మొగుడిని దాటుకుని, మెడకు తడిగుడ్డ చుట్టుకుని బస్టాండుకు నడిచింది. పామర్రు ఆస్పత్రికి పోతే వెతుక్కుంటూ వస్తాడని, కాలిన ఒంటితోనే బెజవాడ బస్సెక్కింది. అది తొంభై ఎనిమిది ఎండాకాలం.

గుణదలలో వరసగదుల్లో ఒకటి అద్దెకు తీసుకుంది. పక్కగదిలో అన్వరీ ఉండేది. మొగుడు పోయాక జాకెట్లు కుట్టుకుంటూ బతుకుతున్న మనిషి. సుధామణి మెడ మీది పుళ్ళకు వెన్న రాసి, నర్సింగ్‌హోములో ఆయా పని ఇప్పించింది కూడా ఆవిడే. అక్కడ బెడ్‌పాన్లు కడుగుతూ, రోగుల బట్టలు మారుస్తూ సుధామణి ఆరేళ్ళు గడిపింది.

శివాజీ అన్నతను ఆ నర్సింగ్‌హోముకే వచ్చేవాడు. ఒకప్పుడు మందుల కంపెనీ రెప్పు. ఇప్పుడు చేపనూనె క్యాప్సూళ్ళ కంపెనీ ఏజెంట్లకు పెద్ద. ఆదివారాలు గాంధీనగర్‌లో ఒక ఫంక్షన్ హాలు తీసుకుని మీటింగులు పెట్టేవాడు. ఒకసారి సుధామణిని కూడా రమ్మన్నాడు. స్టేజీ మీద తేనెరంగు క్యాప్సూల్ ఒకటి లైటుకెదురుగా పట్టుకుని, "ఇందులో ఉన్నది ఒమేగా త్రీ అండీ. గుండెకి, మెదడుకి, కీళ్ళకి, కళ్ళకి ఇంతకు మించిన కొవ్వు లేదు. దీన్ని మన ఒళ్ళు తయారు చేసుకోలేదు, తిండిలోంచే రావాలి" అన్నాడు.

సుధామణి అతన్ని నమ్మింది తన నోటి రుచిని బట్టి. చిన్నప్పుడు చలికాలంలో వాళ్ళ నాయనమ్మ వండిన నూనెకవళ్ళ పులుసు మీద బంగారపు రేకులా నూనె తేలేది. దాన్ని గరిటెతో తీసి ముందు పిల్లల కంచాల్లో పోసేది ఆ ముసలామె. బాలింతలకు పాలు పడతాయని సొరచేప వండి పెట్టేది. ఆ నూనే క్యాప్సూల్లో పెట్టి అమ్ముతుంటే అందులో మోసమేముంటుంది అనుకుంది.

ఆయా పని దిగాక ఆమె ఇల్లిల్లూ తిరిగి అమ్మింది. మోకాళ్ళ నొప్పి తగ్గిందని ఒక టీచరమ్మ చెప్పింది. చూపు తేటపడిందని ఇంకెవరో అన్నారు. ఎవరైనా తనని మెచ్చుకోవడం సుధామణికి కొత్త. గుణదలలో అందరూ చేపనూనె సుధామణి అంటుంటే లోపల్లోపల మురిసిపోయేది.

రెండు వీధుల అవతల సొలొమోను ఉండేవాడు. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డరు. కిందటేడు గుండెపోటు వచ్చి బయటపడ్డాడు. డాక్టరు రాసిన బిళ్ళలు వేసుకుంటే కడుపులో మంట. ఓ సాయంత్రం క్యాప్సూళ్ళ సీసా తీసుకుంటూ అడిగాడు.

"ఇవి వేసుకుంటే ఆ బిళ్ళలు మానెయ్యొచ్చా సుధమ్మా?"

"నాకు తెలీదన్నయ్యా. మా సారునడిగి చెప్తా."

శివాజీ ఫోనులో తడుముకోలేదు. "మానెయ్యమనండి మేడం. ఇంగ్లీషు మందులు కడుపుని తినేస్తాయి. మన ఒమేగా గుండెని లోపల్నించి కడిగేస్తుంది."

బిళ్ళలు మానేసి మళ్ళీ మంచమెక్కిన వాళ్ళని నర్సింగ్‌హోములో డాక్టర్లు తిట్టడం సుధామణి చాలాసార్లు విన్నది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. కానీ అంత పెద్ద హాల్లో మైకు పట్టుకుని మాట్లాడే మనిషికి తనకన్నా తెలీదా అనిపించి, మింగేసింది. "మెల్లగా మానెయ్యొచ్చంట అన్నయ్యా" అని సొలొమోనుకు చెప్పింది.

నెల తిరక్కముందే మేరీమాత తిరునాళ్ళొచ్చాయి. సొలొమోను భార్య తెరేసమ్మతో కలిసి కొండెక్కుతూ, సగం మెట్ల మీద ఛాతీ పట్టుకుని ముందుకు పడిపోయాడు. నుదురు రాతిమెట్టుకు తగిలి పగిలింది. వెనకనుంచి తోసుకొస్తున్న జనంలో ఎవరో అతని చేతిని తొక్కేశారు. తెరేసమ్మ మొగుడి మీద అడ్డంగా పడుకుని అరిచింది. ఆటోలో ఆస్పత్రికి చేరేలోగా ప్రాణం పోయింది. బిళ్ళలు మాన్పించింది ఎవరని డాక్టరు అడిగితే, తెరేసమ్మ సుధామణి పేరు చెప్పింది.

సమాధి చేసిన మర్నాడు సొలొమోను తమ్ముడు ఏసుపాదం షెడ్డు మనుషుల్ని వెంటేసుకుని వచ్చాడు. సుధామణి అప్పుడు గుమ్మంలో కూర్చుని బియ్యం చెరుగుతోంది. అతను జుట్టు చేతికి చుట్టుకుని ఆమెను రోడ్డు మీదకి ఈడ్చాడు. చేట ఎగిరిపడింది. వెనకొచ్చినవాళ్ళు గదిలో జొరబడి గిన్నెలు, ట్రంకుపెట్టె, క్యాప్సూళ్ళ సీసాలు బయటకి విసిరికొట్టారు. ఒకడు ఆమె డొక్కలో తన్నాడు. ఊపిరందక ఆమె నోరు తెరిచేసరికి, ఏసుపాదం కింద పడిన క్యాప్సూళ్ళని గాజుపెంకులతో, మట్టితో సహా గుప్పిట పట్టి ఆ నోట్లో కుక్కాడు.

"తినవే. గుండెకి మంచిదన్నావుగా. తిను."

పళ్ళ మధ్య అవి చితికి నూనె గొంతులోకి జారింది. పెంకులు చిగుళ్ళు కోశాయి. నెత్తురూ చేపవాసనా కలిసి కడుపులోంచి తన్నుకొచ్చాయి. కక్కుకుంటూ కుడిచెయ్యి అడ్డం పెట్టింది. ఆ చేతి మీద ఇనపగొట్టంతో కొట్టాడు ఏసుపాదం. ఎముక విరిగిన చప్పుడు వీధిలో నిలబడ్డవాళ్ళకు కూడా వినిపించింది. ఎవరూ కదల్లేదు. అన్వరీ ఒక్కతే జాకెట్లు కత్తిరించే కత్తెరతో పరుగెత్తుకొచ్చి, సుధామణికి అడ్డంగా నిలబడింది.

"ఇంకో దెబ్బ పడిందంటే కడుపులో పొడుస్తా. నేను జైలుకి పోతా, నువ్వు మీ అన్న దగ్గరికి పోతావు."

ఏసుపాదం గొట్టం మళ్ళీ ఎత్తాడు. వీధి మలుపులో అప్పటిదాకా రాయిలా నిలబడి చూస్తున్న తెరేసమ్మ అప్పుడు నోరు విప్పింది. "చాల్లే పద. దీన్ని చంపితే ఆయనొస్తాడా?"

పెద్దాస్పత్రిలో కట్టు కట్టిన డాక్టరమ్మ సంగతంతా విన్నది. చిగుళ్ళు వాచి మాట సరిగా రాకపోయినా సుధామణి అడిగింది, "అయితే చేపనూనె మంచిది కాదాండీ?"

"కాదని ఎవరన్నారమ్మా? ఆ కొవ్వు మంచిదే. వారానికి రెండుసార్లు చేప తినమని మేమే చెప్తాం. కానీ ఒకసారి గుండెపోటు వచ్చినవాడికి నెత్తురు గడ్డకట్టకుండా కాపాడేది ఆ బిళ్ళ. చేప తిండి, బిళ్ళ మందు. మందు మానమన్నదెవరు?"

సుధామణి శివాజీ పేరు చెప్పబోయి ఆగింది. "నేనేనండీ" అంది. ఆ మాట అన్నాక ఆమెకు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా మంటెక్కింది, కాలిన మెడతో బస్సులో కూర్చున్నప్పటి మంటలాగే.

మరుసటి ఆదివారం మెళ్ళో వేలాడే పిండికట్టుతో ఫంక్షన్ హాలుకు వెళ్ళింది. శివాజీ స్టేజీ మీద ఉన్నాడు. జనం మధ్యలోంచి నడుచుకుంటూ పోయి మెట్లెక్కింది.

"సొలొమోను గారు చచ్చిపోయాడండీ. బిళ్ళలు మానెయ్యమన్నారు కదా మీరు. ఆ మాట ఇప్పుడు మైకులో చెప్పండి."

శివాజీ జనం వైపు తిరిగి నవ్వాడు. "ఈమె ఎవరో నాకు తెలీదండీ. మతి చలించినట్టుంది, ఎవరైనా కాస్త బయటికి తీసుకెళ్ళండి."

ఆమె పిండికట్టు చేతినే ఎత్తి అతని మొహం మీద కొట్టింది. ముక్కు చితికింది. తెల్లచొక్కా మీద నెత్తురు కారుతుంటే అతను వెనక్కి పడ్డాడు. ఆమె మళ్ళీ కొట్టింది. కట్టు పగిలి, అతుక్కుంటున్న ఎముక మళ్ళీ జరిగి, కళ్ళు బైర్లు కమ్మినా కొట్టింది. ఏజెంట్లు ఆమెను స్టేజీ మీంచి కిందికి తోసి, కుర్చీల మధ్య పడేసి తన్నారు. ముందు వరసలో కూర్చున్న ఒక ముసలాయన మాత్రం తన చేతిలోని సీసా వంక, స్టేజీ వంక చూసి, సీసాని కుర్చీ మీద వదిలేసి వెళ్ళిపోయాడు.

స్టేషన్లో ఇద్దర్నీ కూర్చోబెట్టి రాజీ చేశారు. అతను ఆమె మీద కేసు పెట్టడు, ఆమె అతని మీద పెట్టదు. ఏసుపాదం మీద కూడా ఆమె ఫిర్యాదు ఇవ్వలేదు. ఇవ్వమని అన్వరీ పోరితే, "వాళ్ళన్నని తీసుకెళ్ళి మట్టిలో పెట్టినోడు, ఇంకేం చేస్తాడు" అంది. శివాజీ ముక్కు నయమయ్యాక వేరే ఊళ్ళో మీటింగులు పెట్టుకున్నాడని విన్నారు. అతనికేమీ కాలేదు.

సుధామణి చెయ్యి వంకరగా అతుక్కుంది. ఆయా పనికి పనికిరాదన్నారు. ఆ ఏడు చివర్లో బందరు నుంచి చేపలు తెప్పించుకుని గుణదల రైలుగేటు దగ్గర తట్ట పెట్టింది. ఎక్కువగా కవళ్ళే. గుండెకి మంచివని ఎవరైనా కొనడానికొస్తే, ముందు బిళ్ళలు వేసుకుంటున్నారా అని అడిగేది. కొందరు విసుక్కుని పక్క తట్టకు పోయేవాళ్ళు. తెరేసమ్మ ఎప్పుడూ పక్క తట్ట దగ్గరే కొనేది. ఇటు చూసేది కాదు. సుధామణి కూడా పిలిచేది కాదు.

గేటు దాకా మోసుకుపోవాలంటే వంకర చేత్తో తట్ట తలకెత్తుకోవడం ఆమెవల్ల అయ్యేది కాదు. దారినపోయే ఎవరినో ఒకర్ని ఓ చెయ్యి వెయ్యమని అడిగేది. ఒకరోజు పొద్దున్న ఆమె అడక్కుండానే ఒక మనిషి వంగి తట్ట ఎత్తి తల మీద పెట్టాడు. చూస్తే ఏసుపాదం. ఆమె ఒకడుగు వెనక్కి వేసేసరికి తట్టలోని నీళ్ళు మెడ మీదికి కారాయి. అతను సైకిలెక్కి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆటోనగర్ పోయే దారిలో తరచూ ఆగేవాడు. తట్ట ఎత్తి పెట్టి పోయేవాడు.

ఒకసారి మాత్రం ఆమే ధైర్యం చేసి అడిగింది. "నీకు బీపీ ఉందంట కదా. బిళ్ళ వేసుకుంటున్నావా?"

"నోరు మూసుకుని నీ చేపలమ్ముకో" అన్నాడు ఏసుపాదం. అంటూనే వంగి తట్ట ఎత్తాడు.