బస్సులో దిగినవాడితో పొత్తా?

మా చిన్నప్పుడు... తిరుపతిలో మాకు తెలిసింది ఒకే గ్రౌండు, రెండు ఫుట్‌బాల్ క్లబ్బులు. కొండ మీద ఉద్యోగాలు చేసేవాళ్ళ పిల్లలది కొండ క్లబ్బు. అంగళ్ళవాళ్ళ పిల్లలది బజారు క్లబ్బు. పొద్దున్నే ఎవరు ముందొస్తే గ్రౌండు వాళ్ళది... అందుకే మా అన్న మునిరత్నం వేపపుల్ల నోట్లో పెట్టుకునే పరిగెత్తేవాడు.

మాకు అన్న కెప్టెన్. వాళ్ళకు చెంగల్రాయుడు. ఆ పేరు రాస్తుంటే ఇప్పటికీ పళ్ళు పటపటలాడతాయి... దాచుకోవడం ఎందుకు!

ఒక ఏడాది ఫైనల్ చూడటానికి బయటి ఊరినుంచి ఒక పెద్దమనిషి వస్తున్నాడని తెలిసింది. బాగా ఆడినవాళ్ళలో ఒక్కరికి ఆటగాళ్ళ కోటాలో ఉద్యోగం. "బంతి తంతే కడుపు నిండుతుందా?" అని రోజూ తిట్టే మా నాయన కూడా ఆ వారం నోరెత్తలేదు.

మా ఊళ్ళో ఒక అలవాటు... పరీక్ష రాయాలన్నా, పెళ్ళిచూపులకు పోవాలన్నా, ముందు నడిచి కొండెక్కి దండం పెట్టుకోవాలి. చెంగల్రాయుడు అన్నను వెతుక్కుంటూ మా ఇంటికే వచ్చాడు.

"సామీ, ఆట ఉండే పొద్దున రెండు టీములూ కలిసి నడిచి ఎక్కుదాం, నడిచే దిగుదాం. సాయంత్రం ఎవురి బలం వాళ్ళది" అన్నాడు.

"ఆట పొద్దే ఎందుకురా, ముందురోజు పోండి" అని నాయన చెప్పాడు. అన్న వినలేదు. దేవుడి మాట వచ్చాక కాదనేవాడు కాడు మా అన్న.

తెల్లవారుతూనే అందరూ గోవిందా అంటూ ఎక్కారు. నాయన వెంట నేనూ వెళ్ళాను. దర్శనం అయ్యాక బజారు టీము వాళ్ళు ఒక్కరూ కనబడలేదు. అన్న కాసేపు ఎదురుచూసి, తన వాళ్ళతో నడిచే దిగాడు. నాకు కాళ్ళు నొప్పులని నాయన నన్ను బస్సెక్కించాడు. కూర్చోగానే ఆయనకు కునుకు పట్టింది.

వెనక్కి తిరిగి చూస్తే... చివరి సీట్లలో పదకొండు మందీ ఉన్నారు, మొహాల మీద తువ్వాళ్ళు కప్పుకొని!

చెంగల్రాయుడు లేచి వచ్చి నా చేతిలో రెండు కమ్మరకట్టు బెల్లం బిళ్ళలు పెట్టాడు. "మీ అన్నకు సెప్పొద్దు నాయనా... ఆట అయినాక నేనే సెప్తా" అన్నాడు.

నేను తిన్నాను... చెప్పలేదు.

సాయంత్రానికి మా వాళ్ళ పిక్కలు బిగుసుకుపోయాయి. అన్న పరిగెత్తబోయి రెండుసార్లు బోర్లా పడ్డాడు. నాలుగు గోల్స్ తేడాతో ఓడిపోయాం. ఆ పెద్దమనిషి చెంగల్రాయుడి భుజం మీద చెయ్యేసి పక్కకు తీసుకెళ్ళాడు... ఉద్యోగం వాడికే వచ్చింది.

అప్పుడు ఏడుస్తూ అన్నకు చెప్పాను. అన్న వెళ్ళి నిలదీశాడు. "మొక్కు నాకూ సామికీ మధ్యది అబ్బా... నేను బస్సులో దిగితే నీకేంది?" అన్నాడు వాడు. అన్న ఇంటికొచ్చి మూలన కూర్చున్నాడు. నన్ను ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు. రెండు తగిలించి ఉంటే నాకు అప్పుడే తీరిపోయేది.

అన్న ఇప్పుడు శ్రీ సిటీలో ఒక కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ. నేను కొండ క్లబ్బు సెక్రెటరీని. చెంగల్రాయుడు బజారు క్లబ్బుకు ప్రెసిడెంటు.

పోయిన నెల వచ్చాడు మహానుభావుడు... రెండు క్లబ్బులూ కలిపేద్దామట! "మీ దగ్గర ఆడబిడ్డలు ఆరుగురు ఉండారు, మా దగ్గర అయిదుగురు. కలిస్తేనే గదా టీము అయ్యేది" అన్నాడు. నిజమే. మా ఆరుగురిలో అన్న కూతురు హరిత ఒకతె. ఈసారి ఆడపిల్లల పోటీల్లో జిల్లా జట్టుకు పిల్లల్ని ఎంపిక చేస్తారు కూడా.

కమిటీలో సగం మంది సరేనన్నారు, సగం మంది వద్దన్నారు. నా సంతకమే తేల్చాలి. "ఊరికి రెండు క్లబ్బులుంటేనే ఆట... ఒక్కటే మిగిలితే ఎవరితో ఆడతారు?" అని పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. అందులో అబద్ధం లేదు గానీ, నా కారణం అది కాదు.

వాణ్ణి మూడుసార్లు తిప్పించుకున్నాను. మొదటిసారి వాకిట్లోనే నిలబెట్టాను. రెండోసారి ఇంట్లో ఉండే లేననిపించాను. మూడోసారి కూర్చోబెట్టాను.

"కలిస్తే పేరేంది?" అన్నాను.

"మీ పేరే పెట్టండి సామీ."

"చొక్కాల రంగు?"

"మీదే."

"ప్రెసిడెంటు?"

"నేను దిగిపోతా."

అన్నీ వదిలేసుకున్నాడు. ఆ మొహం చూస్తుంటే నాకు పాయసం తాగినట్టుంది. "కుదరదు" అన్నాను. పోయేటప్పుడు కుడి చెప్పు ఎడమ కాలికి వేసుకోబోయాడు. అదీ కళ్ళారా చూశాను.

పోటీకి పేర్లిచ్చే గడువు నిన్నటితో అయిపోయింది. రెండు క్లబ్బులూ ఇవ్వలేదు. సాయంత్రం అన్న డ్యూటీ దిగి నేరుగా మా ఇంటికొచ్చాడు.

"నీ కోసమే చేసినా అన్నా" అన్నాను.

"నేనడిగినానా?" అన్నాడు. "వాడు నన్ను మోసం చేసినాడు, నిజమే. అయినా నన్ను గ్రౌండులోకి దిగనిచ్చినాడురా... నువ్వు నా బిడ్డను దిగనే దిగనీలేదు" అన్నాడు. మంచినీళ్ళు ఇస్తే తాగకుండా వెళ్ళిపోయాడు.

అప్పట్లో ఆ గ్రౌండులో చోటు కోసం కొట్టుకు చచ్చేవాళ్ళం... ఈ పొద్దున వెళ్ళి చూస్తే ఒక్కరూ లేరు.

మీకూ ఇలాంటి పాత పగలు ఉంటే కింద రాయండి... తీర్చుకున్నవాళ్ళు మరీ రాయండి. తీర్చుకున్నాక హాయిగా ఉందని ఒక్కరైనా చెప్తారేమోనని చూస్తున్నాను...